కుక్క దగ్గు తెలిసిన మనిషి

ఆయన పోయి నెల దాటిందని నాకు ఒక కుక్కల డాక్టరమ్మ చెప్పింది. బరంపురం అంకులి పేటలో మా పక్కింటావిడ తన కుక్కను చూపించుకోవడానికి వెళుతూ తోడు రమ్మంటే వెళ్ళాను. డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. కుక్క పైపెదవిని బొటనవేలితో ఎత్తి, చిగురు నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి మళ్ళీ ఎరుపు వచ్చేదాకా చూసింది. ఆ తర్వాత పక్కింటావిడను అడిగింది: "ఎలా దగ్గుతుంది ఆంటీ? ఒకసారి దగ్గి చూపించండి."

పక్కింటావిడ సిగ్గుపడింది. నేను కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగాను.

"అలా అడగమని మీకు ఎవరు నేర్పారమ్మా?"

"కాలేజీలో నేర్పలేదు సార్. చిన్నప్పుడు మా కుక్కని ఒక తాతగారి దగ్గరికి తీసుకెళ్ళీవాళ్ళం. పశువులాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి అరుగు మీదే చూసేవారు. అందరూ గుండెపురుగు తాత అనీవారు. పోయిన నెల పోయారు కదా, మీకు తెల్దా?"

తెలియదన్నాను. ఆ పేరు ఆయనకు నా వల్లనే వచ్చిందని ఆమెతో అనలేదు.

ఇంటికి వచ్చి భోజనం చేశాను. నిద్రపోయాను. ఏడుపు రాలేదు, గుండె బరువెక్కలేదు. చావు మీద నేను రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో రాసినట్టే, ఒక మనిషి ఉన్నాడు, ఇప్పుడు లేడు, అంతే అనుకున్నాను. రెండో రోజు పళ్ళు తోముకుంటుంటే నోటిలోంచి ఒక దగ్గు వచ్చింది. మెత్తటి పొడిదగ్గు, చివర ఒక గుటక. అది నాకు జలుబు చేసి వచ్చిన దగ్గు కాదు. ఆయన నాకు నేర్పిన దగ్గు.

ఆయన బరంపురం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చినవారు. ఒడియావాళ్ళతో ఒడియా, మాతో తెలుగు, కుక్కలతో మాత్రం దాదాపు మౌనం. పొట్టిగా ఉండేవారు. చొక్కా జేబులో కలానికి బదులు ఒక భూతద్దం ఉండేది. మనిషిని చూసి నమస్కారం పెట్టే అలవాటు ఆయనకు లేదు. ముందు కుక్కను చూస్తారు, అది అయ్యాక మనిషి ముఖం చూసి, "ఓ, మీరేటి!" అంటారు.

కుక్క ఏం తింటోందని ఆయన ఎన్నడూ అడగలేదు. ఏం విడుస్తోందని అడిగేవారు. "తిన్నది మీరు పెట్టింది. దాని కత దానికి తెల్దు. విడిసింది దానిది" అనేవారు. అగ్గిపెట్టెలో పెట్టి తెమ్మనేవారు. అందుచేత పొద్దున్నే ఆసుపత్రి వరండాలో అగ్గిపెట్టెలు పట్టుకుని జనం వరసగా నిలబడేవారు. ఒకరోజు అక్కడి డాక్టరుగారు సిగరెట్టు వెలిగించుకోవడానికి బల్ల మీది పెట్టె తీసి తెరిచారు. ఆ రోజే డాక్టరుగారు లైటరు కొనుక్కున్నారు.

నిక్కరు తొడిగిన పిల్లాడిలా బొజ్జ వేలాడే కుక్కపిల్లను ఒకాయన ఎత్తుకుని తెచ్చాడు. పెద్ద బజారులో బియ్యం టోకు వర్తకుడు. నేను ఆ పక్కనే ఉన్నాను.

"ఏటి షావుకారూ, పిల్లకి ఏటయ్యింది?"

"ఏటీ అవ్వలేదు. పాలు పోస్తన్నాం, ఎంత బొద్దుగా ఉందో సూడండి. బొచ్చొకటే మెరవడం లేదు."

ఆయన కుక్కపిల్లను ఒళ్ళో పడుకోబెట్టి బొజ్జ మీద చెయ్యి వేశారు.

"ఇది బొద్దు కాదండి. లోపల అద్దెకున్నోల్లు."

"అద్దెకున్నోల్లేటి?"

"ఏలికపాములు. తల్లి కడుపులోనే ఎక్కీసుంటాయి. తల్లి పాలల్లో కూడా వొస్తాయి. మీ పాలు మీ పిల్ల తాగట్లేదు, ఆల్లు తాగుతున్నారు."

మందు వేసిన మర్నాడు షావుకారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సేమియా పాయసం ఇక జన్మలో తిననన్నాడు.

తోక కింద వెంట్రుకలకు ఎండిన బియ్యం గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగు. "దీనికి పురుగు మందొక్కటే యేస్తే సాలదు, ఒంటి మీద దూకే పేలని కూడా సంపాల. అది పేను లోపలే పెరుగుతాది" అనేవారు. చిగుళ్ళు కాగితంలా పాలిపోయి, విరేచనం తారులా నల్లగా ఉంటే కొంకిపురుగు, అది పేగు గోడను పట్టుకుని నెత్తురు తాగుతుంది. పిల్లకుక్కకైతే ఆ రోజే మందు పడాలి, మర్నాటికి ఉండకపోవచ్చు. ఇవన్నీ ఆయన ఏ పుస్తకంలో చదివారో నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారేమో.

ఇక దగ్గు. కుక్క దగ్గుతోందని ఎవరైనా వస్తే వాళ్ళచేత ఆ దగ్గు దగ్గించేవారు. పట్టుబట్టల కొట్టు యజమాని, పెద్ద పరువున్న మనిషి, అందరి ముందు మోకాళ్ళు వంచి కుక్కలా దగ్గడం నేను చూశాను. ఈయన కళ్ళు మూసుకుని వింటారు. "కాదు, అంత గట్టిగా దగ్గదు. మీరు మీ దగ్గు దగ్గుతున్నారు. దాని దగ్గు దగ్గండి." గొంతులో ఎముక ఇరుక్కున్న దగ్గు, జలుబు దగ్గు, ముసలి గుండె దగ్గు అన్నీ ఆయనకు వచ్చు. ఒక్కొక్కటీ దగ్గి వినిపించి, "ఇదా? ఇదా?" అని అడిగేవారు. వరండాలో కట్టేసి ఉన్న కుక్కలు చెవులు నిక్కించి చూసేవి.

నేను ఇవన్నీ ఇష్టంగా చూసేవాణ్ణి. కానీ ఆయన కుడి దండకు ఒక తాయెత్తు ఉండేది. ఊరి అమ్మవారు ఠాకురాణి జాతరకు మొక్కు ఉండి, ఒళ్ళంతా రంగు పూసుకుని పులివేషం వేసేవారు. వేషంతోనే ఆసుపత్రి ముందు నుంచి నడిస్తే, లోపల కట్టేసిన కుక్కలు పులిని చూసి తోకలు ఊపేవట. నవ్వుతూ చెప్పేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో నేను తెలుగు బడిలో మేస్టరుని. నెలనెలా రెండో ఆదివారం బజారు వీధిలో మైకు పెట్టి సభ చేసేవాళ్ళం. దయ్యం పట్టడం, చేతబడి, గ్రహణం రోజు అన్నం పారబోయడం, ఒక్కొక్కదాన్ని పట్టుకుని చీల్చేవాళ్ళం. నాకు ఆవేశం ఎక్కువ. జనం నా ఆవేశం కోసమే వచ్చేవారు. ఆధారం లేనిదాన్ని నమ్మడం నేరమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మా కుక్క పేరు సిపాయి. గంజాంలో పనిచేసినప్పుడు ఋషికుల్య ఒడ్డున చేపల బుట్టల దగ్గర దొరికింది. ఊరంతా దోమలు. మనుషులం దోమతెరలో పడుకునేవాళ్ళం, అది గుమ్మం ముందు పడుకునేది. బరంపురం బదిలీ అయ్యాక రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత నా సైకిలు వెనక పరుగెత్తడం తగ్గించింది. వీధి చివరిదాకా వచ్చి ఆగి, దగ్గి, నన్ను చూసేది. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా కనిపించాయి. డాక్టరుగారు చలిపట్టిందని మందు రాసిచ్చారు. మందు కట్టి ఇచ్చేటప్పుడు ఈయన నన్ను వరండా చివరికి పిలిచారు.

"మేస్టారూ, పరిగెట్టినాక దగ్గుతాదా, పడుకున్నప్పుడు దగ్గుతాదా?"

"పరిగెత్తాకే."

"ఓపాలి దగ్గండి."

దగ్గాను.

"సివర్లో మింగుతాదా?"

ఆలోచించాను. మింగుతుంది. ఆ సంగతి నేను చూస్తూ కూడా గమనించలేదు.

"అయితే మింగండి. మల్లీ దగ్గి మింగండి." నేను చేసింది విని కళ్ళు తెరిచారు. ఆయనే ఒకసారి దగ్గి, గుటక వేసి చూపించారు. అచ్చం సిపాయి. "గుండెలో పురుగున్నాది మేస్టారూ."

నేను నవ్వాను. "గుండెలోకి పురుగు ఎలా వెళుతుంది?"

"దోమ యేస్తాది. ఒక కుక్కని కుట్టి ఇంకో కుక్కని కుడతాది గదా. బోదకాలు దోమ వల్ల రాదేటి? బల్లో పిల్లలకి మీరే సెప్తారు. ఇదీ ఆ జాతే."

"సరే, పురుగు మందు వేస్తే బయట పడుతుందా?"

"పడదు. ఇది కడుపులోది కాదు. అగ్గిపెట్టెలో దొరకదు."

"కనపడదు, బయటికి రాదు, కానీ ఉంది. అంతేనా?"

ఆయనకు నా గొంతు మారినట్టు తెలిసింది. అయినా నెమ్మదిగానే చెప్పారు. "ఉన్నాదో నేదో ఒక సుక్క నెత్తురు తీసి సూస్తే తెలుస్తాది. పిల్ల పురుగులు కదుల్తా ఉంటాయి. ఇక్కడి యంత్రం అద్దం బూజట్టిపోనాది. కాలేజీలో మీ సావాసగాడు ఉన్నారు గదా, ఆరి దగ్గర మంచిది ఉంటాది. ఉన్నాదంటే కటకం నుంచి సూదిమందు తెప్పించాల. ఆ మందూ పెమాదమే, అబద్ధం ఆడను. కానీ ముందు సూడండి."

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నా స్నేహితుడి గదికి సైకిలు మీద పావుగంట. నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో చెబుతాను. కనపడనిది ఉందని చెప్పేవాళ్ళతో అప్పటికి ఎన్నో ఏళ్ళుగా పోట్లాడుతున్నాను. ఆయన మాట ఆకారం వాళ్ళ మాట ఆకారంలాగే ఉంది. ఆ ఆకారం చూసి ఆగిపోయాను. వాళ్ళెవరూ నన్ను ఎప్పుడూ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్ళమనలేదు, ఈయన వెళ్ళమన్నారు. ఆ తేడా నేను చూడలేదు. తాయెత్తు చూశాను.

ఆ నెల సభ పంటిపురుగు మీద. వాకుడు గింజల పొగ గొట్టంతో నోట్లోకి పట్టి, పంట్లోంచి పురుగు రాలిందని చూపించి జనాన్ని మోసం చేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. పురుగు గొట్టంలోనే ముందుగా ఎలా ఉంటుందో వేదిక మీద చేసి చూపించాను. చప్పట్లు బాగా పడ్డాయి. చప్పట్లు పడ్డప్పుడు ఆగడం నాకు రాదు.

"పంట్లో పురుగు చూశారు. ఇప్పుడు మన పశువుల ఆసుపత్రిలో ఒకాయన కుక్క గుండెలో పురుగు ఉందంటున్నారు! దోమ తెచ్చి పెట్టిందట! రేపు ఈగ వచ్చి మన బుర్రలో బల్లిని పెడుతుంది!"

జనం పడీపడీ నవ్వారు. వెనక నుంచి ఎవరో కేక వేశారు: "ఓ గుండెపురుగుగారూ, ఓపాలి లెగండి, మొకం సూద్దుం!"

ఆయన సభలో ఉన్నారని నాకు తెలియదు. లేచి నిలబడ్డారు. మాట్లాడమన్నారేమో అనుకున్నట్టు ఒక క్షణం నా వైపు చూశారు. మైకు నా చేతిలో ఉంది. ఇవ్వలేదు. ఆయన జనానికి చేతులు జోడించి కూర్చున్నారు.

పేరు మర్నాటికే ఊరంతా పాకింది. ఆసుపత్రి పరువు పోయిందని పైవాళ్ళు ఆయనను కుక్కల గదిలోంచి తీసి ఆవుల కొట్టంలో వేశారు. రోగం పేరు నోటితో చెప్పకూడదని కాగితం మీద రాసిచ్చారు. పట్టుబట్టల కొట్టాయన కుక్క కూడా ఇప్పుడు చివర మింగే దగ్గే దగ్గుతోందని, నెత్తురు చూపించమని ఈయన వాళ్ళింటికి వెళ్ళి చెబితే, "మేస్టారు మైకులో సెప్పినారు గదా, మల్లీ ఏటి?" అని గుమ్మంలోంచే పంపేశారని తర్వాత విన్నాను. ఆ కుక్క వానలకు ముందే పోయింది.

సిపాయికి పొట్ట ఉబ్బింది. బలిసిందేమోనని మా ఆవిడ మొదట సంతోషించింది. అది నీరు. నేను పురుగు మందు పట్టించాను, మూడు రోజులు వెతికాను, పురుగు పడలేదు. పడలేదు కాబట్టి లేదని నిర్ధారించాను. ఒక సాయంత్రం మూడు మెట్లు ఎక్కి సొమ్మసిల్లింది. లేచింది. మర్నాడు మళ్ళీ పడింది. ఈసారి లేవలేదు.

ఎవరు చెప్పారో, ఆయన వచ్చారు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, సిపాయి పక్కన కూర్చుని పెదవి ఎత్తి చూశారు. చచ్చిన కుక్క చిగురు ఎందుకు చూశారో నాకు తెలియదు. అలవాటేమో.

"మేస్టారూ, సూడకుండా ఏదీ నమ్మొద్దంటారు గదా మీరు. కోసి సూద్దుం."

మా ఆవిడ లోపలి నుంచే అంది, "ఒద్దండీ. ఇంకేటి సూస్తారు?"

నేను సరేనన్నాను. రిక్షాలో తీసుకెళ్ళాం. ఆసుపత్రి వెనక సిమెంటు గట్టు మీద ఆయన కోశారు. చేతులు తొందరపడలేదు. గుండె కుడివైపు ఉబ్బి ఉంది. దాన్ని చీల్చారు. లోపల తెల్లటి దారాలు, జానెడు పొడుగువి, ఒకదానిలో ఒకటి చుట్టుకుని, ఆ గుండె గది నిండా. ఉండలా ఉన్నవాటిని ఆయన చిన్న పట్టకారుతో విడదీసి నాకు చూపించారు. నేను చెప్పినట్టే అయిందా అనలేదు, పాపం అనలేదు.

నాకు అప్పుడు ఏం అనిపించిందో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుళాయి కింద ఆయన చేతులు ఎర్రసబ్బుతో రెండుసార్లు తోముకున్నది గుర్తుంది. సబ్బు కిందపడితే నేను తీసి ఇచ్చింది గుర్తుంది. అంతే.

కొన్ని పురుగుల్ని ఒక గాజుసీసాలో స్పిరిటు పోసి వేసి, మూత బిగించి నా చేతిలో పెట్టారు. "ఉంచుకోండి మేస్టారూ. మీటింగుల సూపడానికి పనికొస్తాది."

సీసా తెచ్చి బీరువాలో పుస్తకాల వెనక పెట్టాను. వచ్చే రెండో ఆదివారం చెప్పాలనే అనుకున్నాను. పంటిపురుగు వాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. గుండెలో పురుగు నిజమని నేనే చెబితే, పంటిలో పురుగూ నిజమేనని వాళ్ళు రేపే గొట్టాలు పట్టుకుని బయలుదేరతారు. ఉద్యమం దెబ్బతింటుంది. ఇంకో నెల ఆగుదాం. ఆ నెల వేరే విషయం వచ్చింది. తర్వాత ఇంకోటి. వాదం బాగానే ఉంది, అందులో తప్పు పట్టడానికి అప్పుడు ఎవరూ లేరు. సీసాలో స్పిరిటు ఎండిపోయింది. ఇల్లు మారినప్పుడు మా ఆవిడ పారేసింది. ఆయన ఆవుల కొట్టంలోంచే రిటైరయ్యారు.

డాక్టరమ్మ చెప్పిన నాలుగు రోజులకు ఆయన ఇంటికి వెళ్ళాను. పాత సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య అరుగు మీద చేటలో వడ్లగింజలు ఏరుతోంది. చూపు బాగానే ఉంది. నేనెవరో చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

"రండి మేస్టారూ. కూకోండి."

కూర్చున్నాను. ఎలా పోయారని అడిగాను. జ్వరం వచ్చిందంది, మూడు రోజులంది. అప్పుడు చెప్పాను.

"అమ్మా, ఆయన చెప్పిందే నిజం. కుక్క గుండెలో పురుగు ఉంటుంది. నేను కళ్ళారా చూశాను. తప్పు నాది."

ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"అది మాకు తెల్దేటి బాబూ?"

"ముందే చెప్పవలసింది."

"రిటైరైనాక కూడా ఆరు మీ మీటింగు మానలేదు. రొండో ఆదివారం వొచ్చిందంటే ఉతికిన సొక్కా తీయమనీవోరు. ఎందుకండీ ఆల్లు నవ్విన కాడికే ఎల్తారు అంటే, ఈపాలి సెప్తారే, మేస్టారు అబద్ధం ఆడే మనిసి కాదు అనీవోరు. కాళ్ళు పోయిందాకా ఎల్లేరు."

నిజమే. చూసేవాణ్ణి. చూసి, మా సభలంటే ఆయనకు ఎంత ఇష్టమో అనుకునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఆయన నిలకడను వేదిక మీద నుంచి మెచ్చుకున్నాను కూడా.

"నన్ను క్షమించండమ్మా."

అప్పుడు ఆమె చేట పక్కన పెట్టింది. కోపం లేదు ముఖంలో. పిల్లాడికి లెక్క అర్థం కాకపోతే మళ్ళీ చెప్పేటప్పుడు ఉండే ఓపిక ఉంది.

"మాకెందుకు సెప్తారు మేస్టారూ? ఆయేల మాతో అన్నారేటి? మైకులో అన్నారు. మైకులో సెప్పాల."

వచ్చే రెండో ఆదివారం సభ ఉంది. ఇప్పుడు బజారులో కాదు, గ్రంథాలయం వెనక గదిలో. పది పన్నెండు మంది వస్తారు, అందరూ నా వయసువాళ్ళే. మైకు అక్కర్లేదు, గట్టిగా మాట్లాడితే చివరి కుర్చీకి వినపడుతుంది. మైకు అద్దెకిచ్చే అతనికి ఫోను చేశాను. గది ఎంతుందని అడిగాడు, చెప్పాను. దానికి మైకెందుకండీ అన్నాడు. పెట్టమన్నాను. రెండు హారన్లు కట్టి, వీధి వైపు తిప్పమన్నాను.